వెండి లెక్కలోకి రాదు

2024 నవంబరు ఇరవై, బుధవారం, పొద్దున పది గంటల పది నిమిషాలు. ఆదోని ఆసుపత్రిలో, నెలలు నిండని పిల్లల గదిలో, ఎమ్మిగనూరు అజీమున్నీసా మునిమనవరాలిని ఎదకు పొదువుకొని కూర్చునింది. తల్లి సుమయ్యకు జ్వరం. మూడు రోజులుగా బిడ్డకు వెచ్చదనం ఈ ముసలామెదే.

ఆమె చేతి సంగతి మార్కెట్ యార్డులో అందరికీ తెలుసు. పత్తి బోరెం మీద అరచెయ్యి ఆనిస్తే గోరింటాకు రంగులో అంకె తేలేది. గోనె బరువు, నీళ్లు చల్లిన తడి బరువు పోను, అసలు పత్తి ఎంతో అంతే. గోవిందయ్య సేట్ కాటాను పక్కనబెట్టి ఆమెనే పిలిపించేవాడు.

మనవరాలు తస్లీమా ఆ గదిలోనే నర్సు. ట్యాబులో బిడ్డ బరువు వేస్తే, రెండు గంటలకోసారి గొట్టంలో ఎన్ని చుక్కల పాలు పోయాలో అది చెబుతుంది. ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి ఆడపిల్ల. ఆ పలక మీద ఆమె వేళ్లు ఆడుతుంటే అజీమున్నీసాకు కడుపు నిండేది.

"పన్నెండునూర్ల గ్రాములు, దాదీ! నిన్నటికి ఇరవై పెరిగినాది. పాలు ఇంతే సాలనింది డాక్టరమ్మ."

అజీమున్నీసా బిడ్డ వీపు మీది నుంచి అరచెయ్యి తీసి చూసుకుంది. 1180.

"పెరగలేదు, బేటీ."

"ఇదేమన్నా గోవిందయ్య సేట్ పత్తా?" అంటూనే తస్లీమా అంకె చూసింది. నవ్వు ఆగిపోయింది. "మరి ఇరవై గ్రాములు యాడియి?"

యాడివో అజీమున్నీసాకు తెలుసు. నిన్న సాయంత్రం తానే ఆయా దేవక్కను బతిమాలి, దిష్టి తగలకుండా వెండి బిళ్లల మొలతాడు కట్టించింది. నర్సులు తిడతారని దేవక్క ఈ పొద్దున దాన్ని చెడ్డీ కింద దాచి తూకం వేసింది. చెడ్డీ బరువు తీసేసే ట్యాబుకు వెండి సంగతేం తెలుసు? చెబితే మనవరాలికి తలవంపులు. చెప్పకపోతే బిడ్డకు ఆకలి.

డాక్టర్ ప్రియాంక రాగానే లేచి నిలబడింది. "తప్పు నాదమ్మా. దేవక్కనేమీ అనొద్దు. మొలతాడు నేనే కట్టించినా."

"మీ చేతిలో ఎంతుంది?" ఆ చేతి సంగతి తస్లీమా నోట విన్న డాక్టరమ్మ అరచెయ్యి చదివింది. "తస్లీమా, విప్పి మళ్లీ తూకం వెయ్యి."

1180. తస్లీమా తలవంచుకోకుండా అదే అంకె వేసింది. ట్యాబు పాలు పెంచింది, అందులో కలిపే బలం పొడి కూడా.

"ట్యాబు అబద్ధం సెప్పలేదు, దాదీ. మనమే దానికి సెప్పినాం."

"అయితే దాన్నీ మాఫీ అడుగు," అనింది ముసలామె.

సాయంత్రానికి సుమయ్య జ్వరం తగ్గి బిడ్డను ఎత్తుకుంది. అజీమున్నీసా బస్సెక్కి ఎమ్మిగనూరుకు వచ్చేసింది.

మర్నాడు ఫజర్ నమాజు తర్వాత దువాకు చేతులెత్తితే, ఖాళీ అరచేతిలో 1200. బిడ్డ తండ్రి హారూన్ వంగి చదివి, ఇంకోసారి చదివినాడు.

బిడ్డ పుట్టినప్పటి నుంచి ఆదోని ఫోన్ వచ్చేదాకా ఆ ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టేవాళ్లు కాదు. ఆ పొద్దున ఆగలేదు. బొరుగులు నానేసి ఉగ్గాని చేసుకున్నారు, దేవక్కకు డబ్బాలో కట్టి పెట్టినారు. అందరి నోళ్లూ నిండుగా ఉన్నప్పుడు ఫోన్ మోగింది.

"దాదీ, బరువు..."

"తెలుసులే," అనింది అజీమున్నీసా. "నువ్వు తిన్నావా?"