ఆరిపోని పేజీ

చేతిరుమాలు కోసం కుర్తా జేబులో చెయ్యి పెట్టింది వినీల. వేళ్ళకి తగిలింది రుమాలు కాదు, పుస్తకాలు చదువుకునే చల్లటి, పలచటి రీడరు.

పరీక్ష మొదలై పదిహేను నిమిషాలైంది. ఎదురుగా కంప్యూటరులో మిగిలిన సమయం సెకను సెకనుకీ తరిగిపోతోంది. హాల్లో ఎలక్ట్రానిక్ వస్తువు దొరికితే మూడేళ్ళ పాటు ఏ పరీక్షా రాయనివ్వరని గేటు దగ్గర మైకులో పదేపదే చెప్పారు. వినీలకి ముప్పై ఒకటి. టీచరు పోస్టుకి ఇది మూడో ప్రయత్నం.

ఆమెది మండపేటలో ఒక రైసుమిల్లు కాటా దగ్గర లారీల తూకం రాసే ఉద్యోగం. ఆ రీడరుని స్నేహితురాలు సుప్రియ ఏడాది కిందట ఇచ్చింది. అరచేతిలో సగం ఉంటుంది. అయస్కాంతంతో ఫోను వెనక అతుక్కుంటుంది. ఎండలో కూడా అచ్చు కాగితంలా కనపడుతుంది, ఒకసారి చార్జింగు పెడితే పదిరోజులు చూసుకోనక్కర్లేదు. అన్నిటికంటే ముఖ్యం, మెసేజీలు రావు. ఫోనులో పుస్తకం తెరిస్తే అరగంట తర్వాత ఎవరివో పెళ్ళి ఫోటోలు చూస్తూ తేలే వినీల, లారీకీ లారీకీ మధ్య దొరికే రెండేసి నిమిషాల్లో దీని మీద సైకాలజీ మొత్తం పూర్తిచేసింది. ఇబ్బందులు లేకపోలేదు. దానికి సొంత వెలుగు లేదు, పొద్దు వాలితే షెడ్డులో బల్బు కిందకి జరగాలి. పట్టికలు ఆ బుల్లి తెరలో పట్టవు. కొన్నిచోట్ల ఒత్తులు ఊడిపోయి పక్కన పడేవి, మాట ఏమిటో ఊహించుకోవాల్సి వచ్చేది.

అంత చిన్నది కావడమే ఇప్పుడు ప్రాణం మీదకి తెచ్చింది. పొద్దున బస్సులో చదువుతూ ఫోను నుంచి ఊడదీసి జేబులో వేసుకుంది. రాజమండ్రి శివార్లలోని ఈ కాలేజీ గేటు దగ్గర ఫోనునీ సంచీనీ, కూలికి నాట్లేసే తల్లి వీరమ్మ చేతికిచ్చింది. జేబులోది గుర్తే రాలేదు. తనిఖీ యంత్రం ఒకసారి కూసింది కానీ, చున్నీ పిన్నీసులనుకుని పంపేశారు.

ఊరుకుంటే ఎవరికీ తెలియదు. బయటికెళ్ళేటప్పుడు తనిఖీ ఉండదు. కానీ స్క్వాడు వస్తే? పదహారో ప్రశ్న నాలుగుసార్లు చదివింది. అక్షరాలు కనపడుతున్నాయి, అర్థం కావడం లేదు.

చెయ్యెత్తింది.

ఇన్విజిలేటరు దుర్గాశ్రీ దగ్గరికొచ్చి వంగింది.

“మేడమ్, ఇది నా జేబులో ఉండిపోయిందండి. ఇప్పుడే చూసుకున్నాను.”

దుర్గాశ్రీ దాన్ని అందుకుంది. రీడరు మీద శిశువు ఎదుగుదల దశల గురించిన పేజీ నల్లటి అక్షరాలతో స్పష్టంగా కనపడుతోంది. “ఆన్‌లోనే ఉందేంటమ్మా?” అంది గొంతు తగ్గించి. ఆపేసినా ఆఖరి పేజీ దానిమీద అలాగే నిలిచిపోతుందని వినీల చెప్పింది. చెబుతుంటే తనకే అది అబద్ధంలా వినిపించింది.

దుర్గాశ్రీ ఆమెని ఆఫీసు గదికి తీసుకెళ్ళింది. అక్కడ చీఫ్ సూపరింటెండెంటు రమేష్ బాబు అసలు నమ్మలేదు. తెర మీద అక్షరాలు పెట్టుకుని ఆగిపోయిందంటే ఎవరు నమ్ముతారని అడిగి, మాల్‌ప్రాక్టీస్ ఫారం ముందుకు లాక్కున్నాడు. ఎలా పనిచేస్తుందో చూద్దామని బటను మీద వేలు పెట్టాడు.

“నొక్కకండి సార్. ముందు పైన మూల టైము చూడండి.”

ఏడూ నలభై ఒకటి. పేజీ మారినప్పుడే ఆ టైము కూడా మారుతుందనీ, అప్పటికి తను బస్సులో ఉందనీ, గేటు తెరిచిందే ఎనిమిదింటికనీ వినీల గుక్క తిప్పుకోకుండా చెప్పింది. లోపల ఒక్కసారి వాడినా ఆ అంకె మిగలదు.

రమేష్ బాబు చేతిగడియారం తీసి రీడరు పక్కన పెట్టాడు. ఒక నిమిషం. రెండు. మూడు. అవన్నీ వినీల పరీక్షలో నిమిషాలే. అంకె కదల్లేదు. అప్పుడు బటను నొక్కాడు. తెర ఒకసారి నల్లబడి కొత్త పేజీ వచ్చింది. మూలన తొమ్మిదీ ముప్పై నాలుగు.

ఆయన తలాడించాడు. అంతలోనే మళ్ళీ నుదురు చిట్లించాడు. “మరి ఆ ఒక్క పేజీ? ఏం నొక్కకుండానే చదువుకోవచ్చు కదండి.”

ఆయన అన్నది నిజమే.

“నేను పట్టుకోలేదండి సార్,” అంది గుమ్మంలో నిలబడ్డ దుర్గాశ్రీ. “తనే చెయ్యెత్తి పిలిచి ఇచ్చింది.”

ఆయన పైవాళ్ళకి ఫోను చేశాడు. జరిగింది జరిగినట్టు చెప్పి, వాళ్ళు చెప్పేది చాలాసేపు విన్నాడు. వినీల చేత వాంగ్మూలం రాయించుకుని, రీడరుని కవరులో పెట్టి సీలు వేశాడు. వెళ్ళి రాసుకోమనీ, రిజల్టు ఇస్తారో ఆపుతారో తన చేతిలో లేదనీ అన్నాడు.

సీట్లో కూర్చునేసరికి ముప్పై ఐదు నిమిషాలు పోయాయి. ఇప్పుడు మాత్రం ప్రశ్నలు బుర్రకెక్కుతున్నాయి. వేళ్ళు పరిగెత్తాయి. తొంభై రెండో ప్రశ్న దగ్గర చటుక్కున ఆగిపోయాయి. సరిగ్గా ఆ పేజీలోదే. జవాబు రెండోది, కళ్ళు మూసుకుని పెట్టగలదు. కాసేపు చూసి, ఖాళీగా వదిలేసి ముందుకెళ్ళింది. అది భయమో నిజాయితీయో ఆమెకే తెలియలేదు. సమయం అయిపోయేటప్పటికి చివరి పదకొండు ప్రశ్నలు కనీసం చూడనేలేదు.

కాలేజీ ఎదురుగా టీ కొట్టు నీడలో కూర్చున్న వీరమ్మ అంతా విని సంచీ భుజాన వేసుకుని లేచింది. బస్సెక్కాక అడిగింది.

“ఎవరూ చూడలేదుగా. ఎందుకు చెప్పావే?”

“అది జేబులో ఉన్నంతసేపూ ఒక్క ప్రశ్న కూడా అర్థం కాలేదమ్మా.”

ఫలితాలొచ్చిన రోజు వినీల నంబరు ఎదురుగా మార్కులు లేవు, విచారణలో ఉందని మాత్రం ఉంది. పంతొమ్మిది రోజులు ఆమె కాటా దగ్గర తూకాలు తప్పుగా రాసి తిట్లు తింది. ఇరవయ్యో రోజు మార్కులు పెట్టారు. వారం తర్వాత వచ్చిన ఎంపిక జాబితాలో, ఆమె కేటగిరీలో కింద నుంచి నాలుగో పేరు ఆమెది. సీలు వేసిన రీడరు తిరిగి రాలేదు, ఆమె అడగనూ లేదు.

జాబితాలో పేరు చూసిన ఆ వేళ వీరమ్మ నాట్లకి వెళ్ళలేదు.