పరదేశికి కప్పబోయిన శాలువా

గ్రౌండు గేటు దగ్గర ఆటో దిగీ దిగగానే పరదేశికి తన మొహమే కనబడింది. పదడుగుల ఫ్లెక్సీ. పక్కన టోర్నమెంటు కమిటీ ప్రెసిడెంటు త్రినాధరావు గారి మొహం అంతకు రెట్టింపు. కింద ఎర్రక్షరాలు: 'మాజీ ఫుట్‌బాల్ క్రీడాకారుడు శ్రీ పరదేశి గారికి ఘన సన్మానం.' ఘనం బాగానే ఉంది. ఆ 'మాజీ' అన్న ముక్క దగ్గర మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

మాజీ ఏమిటి? ముప్పై రెండేళ్లు అతనికి. పూడిమడక ఇసకలో పరుగు నేర్చుకుని, పదకొండేళ్లలో ఏడు క్లబ్బులు మారాడు. కోల్‌కతాలో మూడో డివిజను, బెంగళూరులో రెండోది, గోవాలో ఒక సీజను. టీవీలో ఒక్కసారీ కనబడలేదు. పెద్ద లీగు వాళ్ల బస్సుని రెండుసార్లు చూశాడు, అదీ రోడ్డు మీద. అయినా ఎడమ వింగులో, గీత పక్కన, బంతి కాలికి తగిలితే చాలు, లోకంలో ఇంకేమీ అక్కర్లేదనిపించేది. మొన్న మార్చిలో మోకాలు వంక పెట్టి పాత క్లబ్బు వదిలించుకుంది. మోకాలు ఎప్పుడో బాగైపోయింది.

ఇవాళ కేరళ నుంచి ఒక కోచ్ వస్తున్నాడు. మూడో డివిజను క్లబ్బే, కానీ వాళ్లకి ఎడమ వింగర్ కావాలి. పని మీద వైజాగ్ వచ్చిన మనిషిని వారం రోజులు ఫోన్లు చేసి, బతిమాలి, అనకాపల్లి దాకా రప్పించాడు పరదేశి. ఒక్క మ్యాచ్ చూస్తానన్నాడాయన. ఇది పోతే ఈ ఏడాదికి ఇంకో క్లబ్బు లేదు. ఏడాది ఖాళీగా కూర్చున్న ముప్పై మూడేళ్ల వింగర్ని ఎవడూ పిలవడు.

"లిస్టులో నా పేరేదిరా?" అని నానాజీని పట్టుకున్నాడు. నానాజీ అనకాపల్లి జట్టు కెప్టెన్, చిన్నప్పట్నుంచీ కలిసి ఆడినవాడు.

నానాజీ నేల చూపులు చూశాడు. "నానేటి సెయ్యను బావా? సన్మానం సేయించుకున్నోడు మళ్లీ నిక్కరేసుకుని దిగితే స్టేజీకి మర్యాద కాదన్నారు పెసిడెంటు గారు. పేరు కొట్టించేసేరు."

"రెఫరీకి ఇచ్చేసేవా?"

"ఇంకా నేదు. ఆట మొదలెట్టేదాకా మార్చొచ్చు. కానీ ఆయన ఊఁ అనాల."

త్రినాధరావుకి చెడ్డ ఉద్దేశం ఏ కోశానా లేదు. అసలు బాధ అదే. ఆయన బెల్లం వర్తకుడు, మంచివాడు. మనవాళ్లకి ఎవరిమీదైనా ప్రేమ పుట్టుకొచ్చిందంటే ముందు కుర్చీ వేస్తారు, తర్వాత దండ వేస్తారు, ఆనక శాలువా కప్పేస్తారు. కప్పించుకున్నవాడు మరి లేచి పరుగెత్తకూడదు.

మైకులో పేరు పిలిచారు. ముందు వరసలో కూర్చున్న కోచ్ దారిలో చెయ్యి పట్టుకుని ఆపి, వచ్చీరాని హిందీలో, "రిటైరైపోయావా? మరి నన్నెందుకు పిలిచావ్?" అన్నాడు.

"అవలేదు" అన్నాడు పరదేశి. బూట్లతోనే స్టేజీ ఎక్కాడు.

త్రినాధరావు శాలువా విప్పాడు. పరదేశి ఒక అడుగు వెనక్కి వేశాడు. "వొద్దండి. నాను ఆడ్డానికొచ్చేను." మైకు ఆన్‌లోనే ఉంది. ఆ మాట గ్రౌండంతా వినబడింది.

"ఇన్నాళ్లూ ఆడేవు కదయ్యా! ఇంకేటి ఆడతావు? కాలో చెయ్యో విరిగితే మన ఊరి పరువేటైపోవాలి?"

విప్పిన శాలువాని మడిచి పెట్టుకోలేక, కప్పలేక ఆయన అలాగే నిలబడిపోయాడు. జనం గుసగుసలు మొదలెట్టారు. పరదేశి మాత్రం కాలు ముందుకి వెయ్యలేదు.

అప్పుడు ఆడవాళ్ల కుర్చీల్లోంచి మరిడమ్మ లేచింది. పరదేశి తల్లి. ముప్పై ఏళ్లుగా అనకాపల్లి బజార్లో చేపలమ్ముతున్న గొంతు, దానికి మైకుతో పనిలేదు.

"ఆ సాలువా ఇలాగ తే బాబూ, నాకు కప్పు. ఆడికి బువ్వెట్టింది నాను. ఆడి బూట్లకి సేపలమ్మింది నాను. ఆడ్ని పెంచడం అయిపోనాది, నాను మాజీ. ఆడి ఆట అవనేదు."

అని చక్కా స్టేజీ ఎక్కి తల వంచింది. జనం ఒకటే నవ్వులు, చప్పట్లు. త్రినాధరావు ఏం చేస్తాడు, కప్పాడు. దండా వేశాడు. "మరి ఆడి పేరు రాయించీ బాబూ" అంది మరిడమ్మ, ఫొటోకి నిలబడే. ఆయన పళ్లు బిగపట్టి నవ్వుతూ నానాజీకి చెయ్యి ఊపాడు.

అవతలిది గొలుగొండ జట్టు. వాళ్ల కుడి బ్యాకు తారక్‌కి పందొమ్మిదేళ్లు, గాలిలా ఉరుకుతాడు. మొదటిసారి బంతి లాక్కున్నాడు. రెండోసారీ లాక్కున్నాడు. స్టేజీ మీంచి "చెప్పేనా!" అని త్రినాధరావు గొంతు వినబడింది. కోచ్ ఫోన్ చూసుకుంటున్నాడు.

పరదేశికి తెలుసు, పాత వేగం లేదు. కానీ పూడిమడక పిల్లలు పరుగు కన్నా ముందు ఆగడం నేర్చుకుంటారు. అల వెనక్కిపోతుంటే తరుముతూ ఉరకాలి, అది తిరగబడగానే తడవకుండా ఠక్కున ఆగాలి. మూడోసారి బంతి తీసుకుని గీత వెంట ఉన్న బలమంతా పెట్టి ఉరికాడు. తారక్ పక్కనే వచ్చాడు. మూల దగ్గర పరదేశి ఆగిపోయాడు. తారక్ నాలుగడుగులు గీత దాటి వెళ్లిపోయాడు. ఎడమ కాలితో క్రాస్, నానాజీ తల, గోలు.

మళ్లీ అదే చేశాడు. ఆగుతాడని ఈసారి తారక్‌కి తెలుసు, ఎప్పుడో తెలియలేదు. ఆఖరి విజిల్ దాకా అతన్ని అలా తిప్పుతూనే ఉన్నాడు పరదేశి. ఒళ్లంతా నొప్పి, మనసంతా సంబరం.

ఆట అయ్యాక కోచ్ దగ్గరికొచ్చి, "ఇంకా ఎన్నాళ్లు ఆడతావ్?" అన్నాడు.

"మీ బ్యాకులు నన్ను పట్టుకునేదాకా."

కోచ్ నవ్వలేదు. తారక్ వైపు ఒకసారి చూశాడు. "ఒక సీజను. జులై ఒకటికి వచ్చెయ్" అన్నాడు.

సోమవారం పొద్దున్న త్రినాధరావు వంజరం చేప కోసం బజారుకొచ్చాడు. మరిడమ్మ ఒళ్లో శాలువా పరుచుకుని, దాని మీదే పొలుసు గీకుతోంది.

"సన్మానం శాలువా మీద చేపలేటి మరిడమ్మా! దాచి మీవాడికి ఇవ్వవలసింది."

"ఇత్తాన్లే బాబూ. ఆడు మాజీ అయిన్నాడు ఉతికి మరీ ఇత్తాను. నీకు తల ముక్కెయ్యనా, తోక ముక్కెయ్యనా?"