చీటీ కట్టిన వైరు

మధ్యాహ్నం మూడుంబావుకి అది నలభై మూడో కాల్. సోలార్ ఇన్వర్టర్ల హెల్ప్‌లైన్‌లో ఆమెని అందరూ రీస్టార్టక్క అంటారు. రోజంతా చెప్పేది ఆ ఒక్క మాటే మరి. మెడ పట్టేసింది. గొంతు తడారిపోయింది.

"నమస్కారమండీ, మీ సమస్య..."

"ఇంకోసారి ఆపి వెయ్యమన్నారంటే ఫోన్ గోడకేసి కొడతా!" అంది అవతలి ఆడగొంతు. "ఇప్పటికి నలుగురు చెప్పారు. నాలుగుసార్లు ఆపాను, వేశాను. తెరమీద అదే ముక్క. బ్యాటరీతో కమ్యూనికేషన్ లేదట."

"కరెంటుందా అమ్మా?"

"పోయి గంటయింది. సాయంత్రం దాకా రాదట. బ్యాటరీ నిండుగానే ఉంది, ఒక్క లైటూ వెలగదు. పొదిగే పెట్టెలో మూడొందల గుడ్లున్నాయండీ. ఇవాళ ఇరవయ్యో రోజు. రేపు పిల్లలు బయటికి రావాలి. ముప్పై ఏడున్నర ఉండాల్సిన వేడి ముప్పై మూడుకి పడిపోయింది."

రీస్టార్టక్క నిటారుగా కూర్చుంది. బ్యాటరీ సంగతులు ఇన్వర్టర్‌కి చేరవేసేది ఒక సన్నని వైరు. ఆ కబురు అందకపోతే ఇన్వర్టర్ బ్యాటరీని ముట్టుకోదు. కరెంటు లేనప్పుడు బ్యాటరీ తోడు లేనిదే ఎండ ఎంతున్నా నడవదు. కుండ నిండా నీళ్లున్నా గుక్కెడు పొయ్యదు.

రూలు ప్రకారం ఇంకో రీస్టార్టు, ఫిర్యాదు నంబరు, రెండు రోజుల్లో మెకానిక్. అప్పటికి గుడ్లు చల్లబడిపోతాయి.

"ఈమధ్య ఎవరైనా దాని జోలికెళ్లారా?"

"ఎవరెళ్తారు? నిన్న మా తమ్ముడొచ్చాడంతే. వాడు ఇంజనీరు."

"ఏ ఇంజనీరు?"

"సివిలు."

రీస్టార్టక్క కళ్లు మూసుకుంది. "ఏం చేశాడమ్మా?"

"మంచే చేశాడండీ. ఇన్వర్టర్ కింద వైరు పాతబడిందని కొత్త ఇంటర్నెట్ వైరు పెట్టాడు. పాతది పారెయ్యడమెందుకని టీవీకి తగిలించాడు."

"టీవీలో ఇంటర్నెట్ వచ్చిందా?"

"లేదు. కనెక్షన్ వాళ్లదే తప్పన్నాడు."

టీమ్ లీడర్ వచ్చి గడియారం చూపించాడు. ఒక్కో కాల్ ఎనిమిది నిమిషాలు దాటకూడదు. పది అయ్యాయి. ఆమె అటు తిరగలేదు.

"టీవీ వెనక చూడండి. ఆ వైరు మెడకి చీటీ ఉందా?"

పరుగెత్తిన అడుగులు. ఏదో కింద పడిన చప్పుడు.

"ఉందండీ. బ్యాటరీ అని రాసుంది. ఓరి నీ ఇంజనీరింగు తగలెయ్య!"

"రెండింటికీ మూతి ఒకటే, లోపల తీగల వరస వేరమ్మా. ఇప్పుడు ఇన్వర్టర్ ఆపండి."

"మళ్లీనా?"

"ఇదే ఆఖరు. పాత వైరు దాని చోట పెట్టి, అప్పుడు వెయ్యండి."

నిమిషం గడిచింది. ఇంకో అర. టక్కుమని ఒక చప్పుడు, వెనకే ఫ్యాన్ హోరు.

"తిరుగుతోంది! ముప్పై మూడున్నర... ముప్పై నాలుగు... ఉండండి, ఫోన్ పెట్టె దగ్గర పెడతా."

హోరు మధ్యలోంచి సన్నగా ఒక కిచకిచ. పెంకు లోపల్నించి.

"విన్నారా?" అంది అవతలి గొంతు.

"విన్నానమ్మా," అంది రీస్టార్టక్క. ఆమె ఫోన్ పెట్టేసరికి టీమ్ లీడర్ ఆమె పేరు పక్కన ఎర్రగీత గీసి వెళ్లిపోయాడు. నీళ్లు తాగుదామంటే సీసా ఖాళీ. నలభై నాలుగో కాల్ మోగింది. ఇందులోనూ బ్యాటరీ కమ్యూనికేషనేనని ఎదురుగా కంప్యూటర్ చూపించింది.

"నమస్కారమండీ," అందామె నీరసంగా. "ఈమధ్య మీ ఇంటికి చుట్టాలెవరైనా వచ్చారా?"