ఆవలో దారికర్రలు

అబద్ధం ఎందుకు చెప్పాలి? ఆ రోజు నేను ఆవకి వెళ్లింది పిట్టల్ని చూడ్డానికే, పోరాడ్డానికి కాదు. నా పేరు అనంతపద్మనాభం. చోడవరంలో సైన్సు మాస్టర్ని. డెబ్బై మూడు జనవరిలో ఒక ఆదివారం, ఇరవైమంది పిల్లల్ని వెంటేసుకుని రెండు బస్సులు మారి, సముద్రం దగ్గర తుంగవానిపాలెంలో దిగాను. ఊరి పక్కనే మైలు పొడుగు మంచినీటి మడుగు ఉంది. మా వైపు దాన్ని ఆవ అంటారు.

మేం వెళ్లేసరికి నీళ్లు లేవు. బురదలో చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఆడవాళ్లు వాటిని తట్టల్లోకి ఏరుకుంటుంటే, పెదబాబు గుమాస్తా ఒక్కొక్క తట్టనే తన్ని పారబోస్తున్నాడు.

"ఆవ బాబుగారిదైపోనాది. సేపలూ బాబుగారివే. ఎల్లండెల్లండి!"

పెదబాబు ఆ చుట్టుపక్కల భూమంతా గుప్పిట్లో పెట్టుకున్న ఆసామి. ఆవ ఎండగట్టి సరుగుడు తోట వేద్దామని, ఇసకదిబ్బకి గండి కొట్టించి నీళ్లన్నీ సముద్రంలోకి వదిలేశాడు. పాలెం జనం బతికేది ఆ నీళ్ల మీద. చేపలు పడతారు, తుంగ కోసి చాపలు అల్లుతారు. ఇప్పుడు పోటు వేళ గండిలోంచి ఉప్పునీళ్లు ఎక్కి తుంగ కూడా కుళ్లిపోతోంది.

"తవరెవరు బాబూ?" అని అడిగింది ఖాళీ తట్ట పట్టుకున్న ఒకావిడ. పేరు నూకరత్నం.

"పిల్లలకి పిట్టల్ని చూపిద్దామనీ..."

"ఇంకేటి పిట్టలు మేష్టారూ! మా సావు సూడండి."

నా మొహాన ఉమ్మేసినట్టయింది. అయినా మళ్లీ ఆదివారం వెళ్లాను, ఆ పై ఆదివారమూ వెళ్లాను. ఈసారి మా ఊరి చెరకు మిల్లు కార్మికుల్ని కూడా తీసుకెళ్లాను. నూకరత్నమే ముందు నడిచి మాకు ఆవ చూపించేది. ఆవ నిండా ఊబి. కాలికి గట్టి తగిలే దారి ఒక్కటే. దాని పొడుగునా తాటికర్రలు పాతి ఉంటాయి. వాటిని దారికర్రలంటారు. ఎవరు దారి అడిగినా చూపించాలి. ఎవరు కూరుకుపోతున్నా దగ్గరున్నవాడు చెయ్యివ్వాలి. ఆ కర్రలు మాత్రం ఎవరూ పీకకూడదు. పాలెం కట్టుబాటు అది.

"నా అడుగులో అడుగెయ్యండి," అనేది ఆమె. "అదిగో, నీటికోడి గూడు. గుడ్లు పిల్లలైందాకా ఈ పక్క తుంగ కొయ్యం. మా అత్తయితే సెయ్యిరగ్గొట్టును!"

నా పాఠాల్లో ఎక్కడుంది ఇదంతా? పిట్టలంటే ఇష్టమని చెప్పి సత్యారావని ఒకాయన కూడా మాతో వచ్చేవాడు. నోట్లో నాలుక లేనట్టుండేవాడు. నడుస్తూ నోటుబుక్కులో ఏవో గీతలు గీసుకునేవాడు. పిట్టల బొమ్మలేమో అనుకున్నాను. మూర్ఖుణ్ని!

అర్జీలు పెట్టి పెట్టి చేతులు అరిగిపోయాయి. మే నెలలో మీటింగు పెడితే నూకరత్నం మొగుడు పరదేశి లేచాడు.

"అర్జీలు సాలు మేష్టారూ. గండి మనవే పూడ్చీదాం."

పాలెం అంతా కదిలింది. మిల్లు కార్మికులు షిఫ్టు దిగి వచ్చారు. మా పిల్లలు సెలవుల్లో వచ్చారు. తాటిమొద్దులు దింపి, తుంగకట్టలు పేర్చి, బంకమట్టి తొక్కి పదకొండు రోజుల్లో గట్టు లేపాం. వానలు పడ్డాయి. నీళ్లు నిలిచాయి. ఆగస్టుకల్లా తుంగ పచ్చబడింది, బుడుబుంగ పిట్టలు తిరిగొచ్చాయి. గెలిచాం అని ఎగిరాను నేను. పరదేశి నవ్వాడు.

"అప్పుడేనా మేష్టారూ?"

సెప్టెంబరులో తెలిసింది. సత్యారావు పెదబాబు పెట్టుకున్న సర్వేవాడట. నోటుబుక్కులో గీసుకుంది పిట్టల్ని కాదు, కర్ర కర్రకీ గుర్తు పెట్టుకుని మా దారిని. వాణ్ని తీసుకొచ్చింది నేను! ఆ సాయంత్రం మీటింగులో తల ఎత్తలేకపోయాను.

మిల్లు కార్మికుడు దాసు అరిచాడు. "కర్రలు పీకీదాం! గట్టు తెంపడానికి రానీ, తిన్నగా ఊబిలోకే దిగుతారు!"

"ఆ దారంట పెదబాబు నడిచొస్తాడేటిరా?" అంది నూకరత్నం. "కూలోళ్లని తోలతాడు. మునిగితే ఆళ్లే మునుగుతారు."

"మన మీదకొస్తే కూలోడైనా శత్రువే!"

"శత్రువైతే కొట్టుకుందాం," అన్నాడు పరదేశి. "ముంచీడం మన పద్ధతి కాదు."

చాలాసేపు అరుచుకున్నారు. చివరికి చేతులెత్తమన్నారు. కర్రలు ఉంచాలనే ఎక్కువ చేతులు లేచాయి. అందులో నాదీ ఒకటి. ఆ చెయ్యి ఎత్తడం తప్పో ఒప్పో ఈనాటికీ తేల్చుకోలేక చస్తున్నాను.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం, మేమంతా ఇసకదిబ్బ దారిన కాపలా ఉన్నాం. పట్టపగలు ఆవలో దిగుతారని అనుకోలేదు. వాళ్లు మా వెనక, ఆవలోంచి వచ్చారు. ముందు సత్యారావు, వెనక గునపాలతో యాభైమంది కూలీలు, వాళ్ల వెనక పోలీసులు. మేం గట్టు మీదికి పరిగెత్తాం. మా చేతికర్రలు లేచాయి, లాఠీలు లేచాయి. ఆ తోపులాటలో పెదబాబు కూలీ ఒకడు దారి తప్పి ఊబిలో పడ్డాడు. గుండెలదాకా దిగిపోయి కేకలు పెడుతున్నాడు. వాడితో వచ్చినవాళ్లు వాణ్ని దాటుకుని వెళ్లిపోయారు.

పరదేశి చేతిలో కర్ర పారేశాడు. గట్టు అంచున బోర్లా పడుకుని చెయ్యి చాపాడు. వాణ్ని నడుందాకా లాగాడో లేదో, వెనకనుంచి తల మీద లాఠీ పడింది. కూలీ బతికాడు. పరదేశి మళ్లీ లేవలేదు.

ఆ లాఠీ ఎవరిదో నేను చూశాను. స్టేషన్‌కి వెళ్లి చెప్పాను కూడా. రాసుకోలేదు. పాలెంవాళ్లు వాళ్లలో వాళ్లే కొట్టుకుని చంపుకున్నారని కేసు కట్టి, పదిహేడుమంది మగవాళ్లని లోపలేశారు. బతికిన ఆ కూలీ సాక్ష్యానికి రాలేదు. ఎలా వస్తాడు? వాడి గుడిసె పెదబాబు పొలంలోనే ఉంది. వాణ్ని తిట్టుకోకండి. తిట్టాల్సింది ఎవర్నో మీకు తెలుసు.

మరుసటి ఆదివారం నాతో రావడానికి నలుగురు పిల్లలే మిగిలారు. మిగతావాళ్లని అమ్మానాన్నలు పంపలేదు. కూలీలు ఆ రోజే గట్టు తెంపేయడంతో ఆవ నిండా మళ్లీ బురద, కుళ్లు కంపు. తెగిన గట్టు దగ్గర ఆడవాళ్లు వరసగా నిలబడి మట్టి తట్టలు అందించుకుంటున్నారు. అందరికంటే ముందు నూకరత్నం ఉంది.

"రత్నమ్మా, ఆ రోజు కర్రలు పీకేసుంటే..."

"ఊరుకోండి మేష్టారూ! నా మొగుడు సెయ్యిచ్చి సచ్చేడు. సెయ్యి లాక్కుని బతికుంటే నేనాడి మొహం సూద్దునా?" అని గుండెలు బాదుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

కొంగుతో మొహం తుడుచుకుని పిల్లలకేసి చూసిందామె.

"ఇంక పిట్టల్ని సూడ్డానికి ఈ పిల్లగుంటల్ని తేకండి. మట్టి మొయ్యడానికి తెండి."

"ఇది నిలుస్తుందా అమ్మా?"

"నిలవదు. రేపటి పోటుకి కొట్టుకుపోతాది. ఎల్లుండి మల్లీ ఎయ్యాల."

నేను తట్ట అందుకున్నాను. నలుగురు పిల్లలూ వరసలోకి దూరారు. ఇసకదిబ్బ మీంచి ఎవరో జీపు వస్తోందని కేకేశారు. ఒక్కరూ తట్ట దించలేదు.