‘ముగించు’ అని పలికిన బటన్

ఆ కంపెనీలో వెబ్‌సైట్లను చెవులతో పరీక్షించేది ఆమె ఒక్కతే. పుట్టుకతోనే చూపు లేదు. తెర మీది మాటలను కంప్యూటర్ గడగడా చదువుతుంటే ఎక్కడ తేడా కొట్టినా ఇట్టే పట్టేసేది. ఆఫీసులో అందరూ ముద్దుగా ‘పాముచెవి’ అనేవాళ్లు.

ఆ ఉదయం మేనేజర్ హుషారుగా వచ్చాడు.

“నీకిక చాకిరీ తప్పిందమ్మాయ్! కొత్త టూల్ వచ్చింది. సైట్లో పేర్లు లేని బొమ్మలన్నిటికీ, చూపు లేనివాళ్లకు చదివి వినిపించేలా, అదే పేర్లు పెట్టేస్తుంది. ఎక్కడ విన్నా దాని గురించే. నిన్ననే ఆసుపత్రి సైటుకి తగిలించేశాం.”

“నేను చూడకుండానే?”

“రిపోర్టంతా పచ్చగా ఉంది, ఒక్క తప్పూ లేదంది. ఇంకేం చూస్తావ్?”

ఆమె హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. డయాలిసిస్ రోగులను ‘వస్తున్నారా?’ అని అడిగే పేజీని, పరీక్షల కోసం పెట్టుకున్న ఉత్తుత్తి రోగి పేరుతో తెరిచింది. కింద రెండు బొమ్మల బటన్లు. మొదటిదాన్ని టూల్ ‘గీత’ అంది. రెండోదాన్ని ‘ముగించు’ అంది. అది నొక్కితే పని ముగుస్తుందనుకుని రెండోది నొక్కింది. ఆ తర్వాత చెవిలో ఉలుకూ లేదు, పలుకూ లేదు.

“తెర మీద ఏముందో చూడవే,” అని పక్క సీటు అమ్మాయిని అడిగింది.

“ఎర్రగా ఏదో వచ్చింది… ‘మీ అపాయింట్‌మెంట్ రద్దయింది’ అని. నువ్వు నొక్కింది ఇంటూ గుర్తే. వస్తాననే టిక్కు గుర్తు మొదటిది.”

ఆమెకు బాబాయ్ గుర్తొచ్చాడు. చక్కెర జబ్బుతో చూపూ మూత్రపిండాలూ పోగొట్టుకున్న ఆయన డయాలిసిస్‌కు వెళ్లేది ఆ ఆసుపత్రికే. ఫోన్‌ను చెవితో వాడటం నేర్పింది తనే. వెంటనే ఫోన్ చేసింది.

“నిన్ననే చేసేశానమ్మా,” అన్నాడు బాబాయ్, ఊపిరి అందక ఆగి ఆగి. “ముగించు అంది, ముగించాను. పొద్దున్నుంచీ తయారై కూర్చున్నా, ఆసుపత్రి బండి ఇంకా రాలేదు.”

“పడుకోకు బాబాయ్, కూర్చునే ఉండు. వస్తున్నా.”

పక్క సీటు అమ్మాయిని వెంటబెట్టుకుని టాక్సీలో వెళ్లింది. తలుపు తీసిన బాబాయ్ చెయ్యి పట్టుకుంటే మంచులా తగిలింది. కాళ్లు వాచి చెప్పులు కూడా పట్టలేదు. అదే టాక్సీలో ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, దారిపొడవునా ఆయన ఛాతీలో నీళ్లు గుడగుడలాడుతున్న చప్పుడు వింటూ, ఆమె పంటి బిగువున ఏడుపు ఆపుకుంది.

“ఈయనే వద్దనుకున్నారుగా! బెడ్ వేరేవాళ్లకిచ్చేశాం,” అంది నర్సు. ఒక్కసారి ఆయన ముఖం చూసి, ఇంకో మాట లేకుండా అత్యవసర వార్డుకు తీసుకుపోయింది. సాయంత్రానికి గండం గడిచిందన్నారు.

బయటికొచ్చిన నర్సు అలసటగా గోడకు ఆనుకుంది.

“ఏమైందో ఏమో, నిన్నటి నుంచీ రద్దు చేసుకునేవాళ్లే. చూపు లేని పేషెంట్లు ఒక్కరూ రాలేదు. అంతా కూడబలుక్కున్నారేమో అనుకున్నాం.”

బాబాయ్ లాగే వాళ్లూ ‘ముగించు’ నొక్కారని ఆమెకు అర్థమైంది. జరిగింది చెప్పి, “వాళ్ల నంబర్లు చదవండి, ఇప్పుడే!” అంది.

నర్సు చదువుతూ పోయింది, ఆమె ఫోన్లు చేస్తూ పోయింది. పక్క సీటు అమ్మాయి ఆ టూల్ తీసేయమని ఫోన్లో మేనేజర్‌తో పోట్లాడుతోంది. “మీటింగులో ఉన్నా, తర్వాత చూద్దాం,” అంటున్నాడట.

ఒకావిడ ఎత్తి, బయలుదేరుతున్నానంది. ఒకాయనకు మాట తడబడుతోంది, అంబులెన్స్ పంపారు. తర్వాతి నంబర్ మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. ఎవరూ ఎత్తలేదు.

“ఈయన ఇంట్లో ఒక్కరే ఉంటారు,” అంది నర్సు మెల్లగా.

ఆమె మళ్లీ అదే నంబర్ నొక్కింది.