ముందు బల్ల మీద నీలం గౌను

మా చర్చికి అందరూ దేవుడి కోసమే వస్తారనుకుంటే పప్పులో కాలేసినట్టే. పంతులమ్మ కొడుక్కి పిల్లను వెతకడానికి వస్తుంది. మందుల కొట్టాయన కునుకు తీయడానికి వస్తాడు, ఇంట్లో పెళ్ళాం పడుకోనివ్వదట. నేను దర్జీదాన్ని. కుట్టిన గౌన్లు ఎవరి వీపు మీద ఎలా కుదిరాయో చూసుకోవడానికి వెళ్తాను. అందరూ ప్రార్థనకు కళ్ళు మూసుకుంటే నేను కుట్లు వెతుక్కుంటాను. సిగ్గేమీ లేదు నాకు.

అలా చూస్తుంటేనే ముందు బల్ల మీద తెల్ల గౌను కనిపించింది. వెనక గుండీలు లేవు. పోయినవాళ్ళకు అలాగే కుడతాం. బిగుసుకుపోయిన చేతులు దూరవు కనుక వీపంతా తెరిచి, నాడాలు పెడతాం. ఆ గౌను ఈమధ్యే చనిపోయిన నర్సమ్మకు నేనే కుట్టాను. దానితోనే ఆవిడను పూడ్చిపెట్టారు. ఇప్పుడు నిటారుగా కూర్చుని పాట వింటోంది. పక్కనున్న పంతులమ్మను గిల్లాను.

"ఎవరే అక్కడ? బల్ల ఖాళీగా ఉంటేనూ!" అని కసిరింది.

మరుసటి ఆదివారం నర్సమ్మ పక్కన నీలం గౌను ఉంది. దానికీ నాడాలే. ఎడమ భుజం కాస్త కిందికి జారింది. ఆ భుజం మా అక్కది. అక్కేమో దగ్గుతూ ఇంట్లో మంచం మీద ఉంది. తగ్గాక వేసుకుంటానని తను కొనుక్కున్న ఆ నీలం బట్ట, కత్తెరైనా పడకుండా నా మిషను మీదే ఉంది.

అమ్మ పోయాక నన్ను సాకింది అక్కే. తను లేకపోతే నేను బతకలేను. బట్ట కాల్చేద్దామనుకున్నాను. కానీ ఆ చోటు ఎవరో ఒకరు నింపాలి కాబోలు అనిపించింది. అక్క బదులు నేను కూర్చుంటే సరి. నా కొలతలతో కత్తిరించి, వెనక నాడాలు పెట్టాను.

ఆదివారం అది తొడుక్కోగానే అక్క మంచం మీద లేచి కూర్చుంది.

"నా బట్ట కొట్టేశావటే, దొంగముఖమా?"

"నీకు ఇంకోటి కొంటాలే అక్కా."

"వీపంతా తెరిచేశావేం? చలేస్తుంది పిచ్చిదానా!" అంటూ నాడాలు తనే ముడేసింది. ఒక్కసారి కూడా దగ్గలేదు.

నాతో చర్చికి వస్తానని పట్టుబట్టి, చెయ్యి పట్టుకుని నడిచింది. లోపలికి వెళ్ళాక ఆ చెయ్యి విడిపించుకుని ముందు బల్ల దగ్గరికి వెళ్ళాను. నర్సమ్మ నా వైపు చూడకుండానే జరిగి చోటిచ్చింది.

వెనక నుంచి అక్క గొంతు ఖంగుమని వినిపించింది. పంతులమ్మను అడుగుతోంది. "మా చెల్లేదీ? ఇప్పుడే నాతో లోపలికి వచ్చిందిగా!"

"ఇక్కడే ఉన్నానక్కా," అన్నాను.

అక్క మళ్ళీ అదే అడిగింది.