మడమ దగ్గర తెడ్డు ఎత్తాలి

ఈ ఉదయం సముద్రంలో నీళ్లకు బదులు వీపులు ఉన్నాయి. ఒడ్డు నుంచి ఆకాశం ఆనే గీత దాకా, అన్నీ అటువైపే పోతున్నాయి. ఒక్కరూ వెనక్కి తిరగడం లేదు.

గీతకు కాస్త ఇవతల మా చెల్లెలు పైడమ్మ వీపు ఉంది. ఎడమ భుజం కింద కాలిన మచ్చను బట్టి గుర్తుపడతాను. గీత దాటితే ఇక దొరకదు.

నిలబడి తెడ్డేసే బోర్డు నేర్పే కొర్లయ్య నన్ను దాని మీదికి ముందు మోకాళ్ల మీద ఎక్కించి, తర్వాత లేపి నిలబెడతాడు.

"తెడ్డు తిరగేసి పట్టినావమ్మా. దాని వంపు ముందుకుండాల."

సరిచేసుకుంటాను.

"తెడ్డు కింద ఎడల్పుగుంది సూడు, ఆ రెక్క మొత్తం ములగాల. సగమే ముంచితే ఆళ్లకి నొప్పెక్కువ."

చేతులు చాచి, ఎదురుగా ఉన్న వీపులో రెక్క మొత్తం దించుతాను. కొబ్బరిమట్ట విరిగినట్టు ఎముక విరుగుతుంది. ఎవరూ అరవరు. బోర్డు మూడడుగులు కదులుతుంది.

"తెడ్డు నీ మడమ కాడికి రాగానే ఎత్తీయ్. ఇంకా ఎనక్కి లాగితే బోర్డు తిరిగిపోద్ది."

"మడమ దాకా వచ్చినవాళ్లని వదిలెయ్యాలా?"

"వొదల్డానికే గదమ్మా నేర్పతన్నాను."

నాలుగో వీపు ఇరవై ఏళ్ల క్రితం పోయిన మా ఆయనది. వదలబుద్ధి కాక మడమ దాటించి లాగుతాను. వెన్నెముక పెకలి వస్తుంది. బోర్డు గిర్రున ఒడ్డు వైపు తిరుగుతుంది.

"సెప్పినాను కదేటి," అంటాడు కొర్లయ్య ఒడ్డు మీంచి.

ఎముకను విదిలించి బోర్డు మళ్లించుకుంటాను. ఆ తర్వాత ఎవరి దగ్గరా మొహమాటం లేదు. కుడివైపు ఆరు, ఎడమవైపు ఆరు. నెత్తురు పాదాల మీద గోరువెచ్చగా పారుతోంది. మా అమ్మ వీపు కూడా దాటిపోతుంది.

"పైడీ, ఆగవే."

"ఆగితే నీ బోర్డు నన్ను గుద్దీయదా అప్పా?" అంటుంది చెల్లెలు, తిరక్కుండానే.

మా మధ్య ఇంకెవరూ లేరు. ఉన్నది తన వీపే. నొప్పి తగ్గాలని, మచ్చ మీద రెక్క మొత్తం దించుతాను. పైడమ్మ నా మడమ దగ్గరికి వస్తుంది. ఎత్తాలి. ఎత్తను. రెండు చేతులా లాగుతాను.

బోర్డు ఒడ్డు వైపు తిరుగుతుంది. నేను బోర్లా పడతాను. రెండు వీపుల మధ్య నా వీపుకు సరిపడా ఖాళీ ఉంది.

పైడమ్మ బోర్డు ఎక్కి, తన భుజంలోంచి తెడ్డు పీక్కుని, వంపు ముందుకు తిప్పుకుంటుంది. మోకాళ్లు వంచుతుంది. నా వీపులో రెక్క మొత్తం దించుతుంది. చెప్పినట్టే నొప్పి తక్కువ. మడమ దగ్గరికి రాగానే ఎత్తేసి, ఒడ్డు వైపు సాగిపోతుంది.

నేను గీత వైపు పోతున్నాను. నా గాయంలో ఉప్పునీళ్లు ఊరుతున్నాయి. ఈ రోజు సముద్రంలో ఇవే మొదటి నీళ్లు. ఒడ్డున జనం బోర్డులు నెత్తిన పెట్టుకుని, ఈ నీళ్ల కోసం వరస కడుతున్నారు.